ఇస్కపల్లి ఉప్పు మడులపై ప్రాజెక్టు: "ఏ వ్యాధికి ఉపయోగం?" అన్న గడిలో ఏం రాయాలి?

కావలి విద్యార్థిని:
నేను ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. ఎండలు ముదిరి నీరు చిక్కబడినప్పుడు ఇస్కపల్లి ఉప్పు మడులను ఎర్రబరిచే సూక్ష్మజీవులపై, కంప్యూటర్ సైన్సు, భౌతికశాస్త్రం చదివే ఇద్దరు మిత్రులతో కలిసి పరిశోధన ప్రతిపాదన రాస్తున్నాను. దరఖాస్తులో "ఏ వ్యాధి చికిత్సకు ఉపయోగం?" అనే గడి ఉంది. తెలియనిది తెలిసినట్టు రాయడానికి మనసొప్పడం లేదు. ఖాళీగా వదిలితే పక్కన పెట్టేస్తారేమోనన్న భయమూ ఉంది. పెద్దలు సలహా ఇవ్వగలరు.

ఒంగోలు అధ్యాపకుడు:
అమ్మా, స్పెయిన్‌లోని సాంతా పోలా ఉప్పు మడుల జీవి జన్యువులను చదువుతూ, ఫ్రాన్సిస్కో మోహికా అనే శాస్త్రవేత్త ఒకే వరుస మళ్లీ మళ్లీ రావడం గమనించి 1993లో ప్రచురించారు. అప్పుడు ఏ రోగం ఊసూ లేదు. వాటి మధ్యనున్న ముక్కలను కంప్యూటర్‌లో ఇతర జన్యుక్రమాలతో పోల్చి చూసినప్పుడు, వాటిలో కొన్ని వైరస్‌లవని, ఇది సూక్ష్మజీవుల ఆత్మరక్షణ కావచ్చని తేలింది. ఆ వ్యాసాన్ని పత్రికలు వరుసగా తిప్పి పంపగా చివరకు 2005లో వెలువడింది. 2007లో పెరుగు తయారీకి వాడే బ్యాక్టీరియాలో డానిస్కో అనే ఆహార పదార్థాల సంస్థ శాస్త్రవేత్తలు దానిని ప్రయోగంతో రుజువు చేశారు. 2012లో జీవరసాయన శాస్త్రవేత్తలు దానిని జన్యువులను కోసే "క్రిస్పర్" సాధనంగా మలిచారు. 2023లో సికిల్ సెల్, తలసేమియా రోగులకు ఆ సాధనంతో చేసే చికిత్స బ్రిటన్‌లో ఆమోదం పొందింది. అందువల్ల మీ కంప్యూటర్ మిత్రుణ్ణి లెక్కలు వేసిపెట్టే సహాయకుడిగా కాక, సమాన భాగస్వామిగా చూపండి.

నెల్లూరు ల్యాబ్ మనిషి:
మాస్టారు చెప్పినది నిజమే గాని, ఆ కథను గడిలోకి ఎక్కించి "మాకూ అలాంటిదే దొరుకుతుంది" అన్న ధ్వని రానీయకండి. అలా వెతికినవారిలో ఎక్కువమందికి ఏమీ దొరకదు, వారి పేర్లు మనకు తెలియవు. "చికిత్స లక్ష్యం లేదు, జన్యుక్రమాలను అందరికీ అందుబాటులో ఉంచుతాము, వేరుచేసిన జీవులను చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల భాండాగారానికి అందజేయడానికి ప్రయత్నిస్తాము" అని రాస్తే చాలు. భౌతికశాస్త్రం మిత్రునికి కూడా నిజమైన పని ఉంది. ఉప్పునీటి జీవి ఊదారంగు పొరలో కాంతితో పనిచేసే ప్రొటీన్ ఉందని 1971లో తెలిసింది. ఆ తరహా ప్రొటీన్లు తర్వాత నాచులోనూ కనిపించాయి. నాచు నుంచి తీసుకున్న అటువంటి జన్యువుతోనే 2021లో ఒక అంధునికి పాక్షికంగా చూపు వచ్చినట్టు ప్రకటించారు. మీ నమూనాల కాంతి శోషణను కొలిచే బాధ్యత అతనికి అప్పగించండి. మరొక మాట: ఈ జీవులు నిదానంగా పెరుగుతాయి, నూటికి ఇరవై పాళ్లకు పైగా ఉప్పున్న అగర్ పళ్లాలు (జీవులను పెంచే జెల్లీ పళ్లాలు) ఆరిపోయి, పైన ఉప్పు రవ్వలు కట్టి, వాటినే కాలనీలు, అంటే పెరిగిన జీవుల గుంపులు, అనుకునే ప్రమాదం ఉంది. పళ్లాలను ప్లాస్టిక్ సంచిలో మూసి పెట్టండి.

ఉప్పు రైతు కొడుకు:
ఎర్రబారిన మడి నీరు ఒక్కటే తీసుకుంటే సగం పనే అవుతుంది. సముద్రపు నీరు చేరే మొదటి మడి నుంచి ఉప్పు గడ్డకట్టే చివరి మడి దాకా ఒకే రోజున తీసుకుని, ప్రతి సీసాపై ఉప్పు గాఢత రాసుకోండి. మడి రైతును ముందుగా అడగండి, గట్లు తొక్కి పాడుచేయకండి. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైతే నీరంతా పలచబడుతుంది కాబట్టి, మంజూరు కోసం ఎదురుచూడకుండా నమూనాలు వేసవిలోనే సేకరించుకోవడం మంచిది.