నాన్నగారి కోసం కేకే లైన్ మోడల్: ముందు ఇంజనా, వ్యాగన్లా, స్టేషన్ కిట్టా?

మర్రిపాలెం నుంచి: నాన్నగారు కొత్తవలస–కిరండూల్ లైన్లో గార్డుగా చేసి రిటైరయ్యారు. 8×4 అడుగుల ప్లైవుడ్ మీద హెచ్‌ఓ స్కేల్లో (1:87) ఆ లైన్ ముక్క కట్టాలనుంది. బొర్రా స్టేషన్, ఒక సొరంగం, బైలదిల్లా ఇనుప ఖనిజంతో పోర్టుకి దిగే గూడ్సు. ఆరు ఇరుసుల కొత్త ఇంజన్ చూశాక మనసు లాగేస్తోంది. డబ్బు ముందు దేని మీద పెట్టమంటారు?

గాజువాక నుంచి: ముందు పట్టాలు కొనండి బాబూ. ఆ ఇంజనుకి 18 అంగుళాల వ్యాసార్ధం వంపు ఇరుకు, 22 అయితే హాయిగా తిరుగుతుంది. కానీ నాలుగడుగుల వెడల్పులో 22 వంపు 44 అంగుళాలు తినేస్తుంది, అటూ ఇటూ రెండేసి అంగుళాలే మిగులుతాయి. అంచుకి చిన్న గోడ కట్టండి, ఇంజన్ కిందపడితే చూడలేం. మన సముద్రపు గాలికి ఇత్తడి పట్టాలు నల్లబడి కరెంటు అందదు. నికెల్ సిల్వర్‌వే తీసుకోండి.

సీతమ్మధార నుంచి: నా ఓటు వ్యాగన్లకే. ఖనిజం మోసే పైకప్పులేని బాక్స్‌ఎన్ వ్యాగన్ అసలు పొడవు 10.7 మీటర్లు, స్కేల్లో సుమారు 12.3 సెంటీమీటర్లు. పది చాలు. లోపల స్పాంజి ముక్కలకి తుప్పురంగు వేయండి. ఇనుప రజను మాత్రం వద్దు, మోటారు అయస్కాంతం లాగేస్తుంది. ఖనిజం బాగా బరువు, అసలు వ్యాగన్‌ని అంచుదాకా నింపరు. నిండుగా పోస్తే మీ నాన్నగారు ఇట్టే పట్టేస్తారు! యూరప్ స్టేషన్ కిట్లు మన బొర్రాలా ఉండవు. వాటి కిటికీలు, తలుపులు వాడుకుని గోడలు ప్లాస్టిక్ షీటుతో కట్టుకోండి.

మర్రిపాలెం నుంచి: నాన్నగారికి చదివి వినిపించాను. "చివర గార్డు ఉండే బ్రేక్ వ్యాన్ మర్చిపోకురా" అన్నారు.