టెస్లా కాయిల్: 90 వోల్టులు దాటితే మాస్‌ఫెట్లు పోతున్నాయి

నమస్కారం అండీ. ఇంట్లో సాలిడ్ స్టేట్ టెస్లా కాయిల్ (ట్రాన్సిస్టర్లతో నడిచి, గాల్లోకి స్పార్కులు వదిలే హై వోల్టేజ్ కాయిల్) కడుతున్నా. మూడు వారాల్లో ఆరు మాస్‌ఫెట్లు (కరెంటుని వేగంగా ఆన్-ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు) కాలిపోయాయి.

సర్క్యూట్ హాఫ్ బ్రిడ్జ్, అంటే పైన ఒకటి, కింద ఒకటి మార్చి మార్చి ఆన్ అయ్యే రెండు మాస్‌ఫెట్లు; రెండూ ఐఆర్‌ఎఫ్‌పీ460లే. సెకండరీకి (స్పార్క్ వచ్చే పెద్ద కాయిల్‌కి) 90 మిల్లీమీటర్ల పీవీసీ పైపు మీద 36 గేజ్ తీగ, దాదాపు 1000 చుట్లు. (చుట్టడానికే రెండు ఆదివారాలు పట్టింది.) లెక్క ప్రకారం రెజొనెన్స్ (కాయిల్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) 240 కిలోహెర్ట్జ్ దగ్గర. ఆ ఫ్రీక్వెన్సీని పట్టుకుని డ్రైవర్‌కి తిరిగి అందించే ఫీడ్‌బ్యాక్‌కి యాంటెనా. మాస్‌ఫెట్ల గేట్లని (ఆన్-ఆఫ్ చేసే కాళ్లని) నడిపే డ్రైవర్ చిప్‌లు యూసీసీ37321, 37322; వాటి పల్స్‌ని గేట్లకి చేర్చడానికి గేట్ ట్రాన్స్‌ఫార్మర్.

వేరియాక్ (వోల్టేజ్ పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) మెల్లగా తిప్పితే 60 వోల్టుల దగ్గర వేలెడంత ఊదారంగు స్పార్క్ వస్తోంది. పక్కన పెట్టిన ట్యూబ్‌లైట్ వైరు లేకుండానే వెలుగుతోంది. 90 దాటగానే ‘టప్’! రెండు మాస్‌ఫెట్లూ షార్ట్, ఫ్యూజు ఔట్. ఒకసారి ముందే ఆపేసి, కెపాసిటర్ డిస్చార్జ్ చేశాక హీట్‌సింకులు ముట్టుకుని చూశా. కింది మాస్‌ఫెట్‌ది చెయ్యి పెట్టలేనంత వేడి, పైదానిది గోరువెచ్చగా ఉందంతే.

బ్రిడ్జ్‌కి సప్లై తీసేసి, సిగ్నల్ జనరేటర్‌తో 240 కిలోహెర్ట్జ్ ఇచ్చి గేట్ల దగ్గర స్కోప్ పెట్టా. పల్స్ పైభాగం చదునుగా లేదు, ఒక పక్కకి వాలిపోతోంది. అంచుల్లో రింగింగ్ (చిన్న చిన్న ఊగులాటలు) కూడా.

నా అనుమానం గేట్ ట్రాన్స్‌ఫార్మర్ కోర్ (తీగ చుట్టిన రింగు) మీదే. పాత కంప్యూటర్ ఎస్ఎమ్‌పీఎస్‌లోంచి (పవర్ సప్లై డబ్బాలోంచి) పీకిన పసుపు-తెలుపు రింగు వాడా. అది ఫెరైట్ కాదు, ఐరన్ పౌడర్ అని నిన్ననే తెలిసింది.

ఫెరైట్ రింగు వేస్తే సరిపోతుందా? లేక 5 ఓమ్‌ల గేట్ రెసిస్టర్ పెంచి, పక్కన డయోడ్ కూడా పెట్టాలా? కిందిదొక్కటే ఎందుకు వేడెక్కుతోంది? ఇక ఒక్క జతే మిగిలింది. ‘టప్’ అన్నప్పుడల్లా అమ్మ మెయిన్ స్విచ్ వైపు నడుస్తోంది.