ఇంట్లో పెల్లెట్ల బల్ల: ఎవరెలా అమర్చుకున్నారు?

బరంపురం_పదిమీటర్లు: ఎయిర్ రైఫిల్ సాధన చేస్తున్నాను. పెల్లెట్లు (అందులో వాడే చిన్న సీసం గుండ్లు) తూచి, తల (ముందు భాగం) వ్యాసం చూసి వేరు చేసుకోవడానికి మేడ గదిలో బల్ల వేయాలి. త్రాసు ఏది కొనాలి? దీపం ఎటువైపు ఉండాలి? మరొకటి: తాతగారి లైసెన్సు పన్నెండు బోరు తుపాకీ ఉంది. కాల్చిన తూటాల ఖాళీలను అదే బల్ల మీద మళ్లీ నింపుకోవచ్చా? అమెరికాలో మా బావ గ్యారేజీలోనే నింపుకుంటాడు.

సిరోంచ_టేకు: పల్చని ప్లైవుడ్ బల్ల జోలికి పోకండి. మోచెయ్యి ఆనిస్తే చాలు, త్రాసు అంకె నిలవదు. మా ఆలపల్లి టేకుతో చేయించుకుంటే మనవల దాకా ఉంటుంది.

రాయగడ_గురి: పెల్లెట్ బరువు అర గ్రాము పైచిలుకు. 0.01 గ్రాము త్రాసుతో తేడా ఏం తెలుస్తుంది? 0.001 చూపేది కొనండి. తూచేటప్పుడు ఫ్యాను ఆపాలి. ఇది చెప్పినా ఎవరూ వినరు.

పర్లాకిమిడి_పాతకాపు: వినక్కర్లేదు. తూచడమే దండగ. 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్ల తలల డబ్బాలు తెచ్చి, రైఫిల్‌ను బిగించి ఒక్కో డబ్బాలోంచి పది కాల్చండి. ఏది దగ్గరగా పడితే అదే కొనండి. మన జిల్లాల కుర్రాళ్లకు గురి నేర్పినవాణ్ణి, నాకు తెలియదా?

రాయగడ_గురి: గురి కాగితం నడిమధ్య ఉండే పది వలయం వ్యాసం 0.5 మిల్లీమీటర్లు. గుండుకు 10.9 చొప్పున 60 గుండ్లకు గరిష్ఠం 654. దశాంశం తేడాతో ఫైనల్ పోగొట్టుకున్నవాళ్లను అడగండి, పెద్దాయనా.

పర్లాకిమిడి_పాతకాపు: ఆ దశాంశం పెల్లెట్లో లేదు నాయనా, నీ చూపుడు వేల్లో ఉంది.

జయపురం_అక్క: పెల్లెట్లలోని సీసం విషమని అందరూ మరిచారు. పొడి చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. ఆ బల్ల మీద టీ కప్పు పెట్టకూడదు. పసివాళ్లున్న ఇల్లయితే గదికి తాళం వేయండి.

రాయగడ_గురి: పాతకాపు గారూ, ఫ్యాను వేసి, ఒకే పెల్లెట్‌ను నాలుగుసార్లు తూచి చూడండి. తర్వాత మాట్లాడదాం.

రాజురా_వకీలు: తూటాల ప్రశ్నను అందరూ దాటేశారు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తయారీకి వేరే లైసెన్సు ఉండాలి. తుపాకీ ఉంచుకోవడానికి ఇచ్చిన లైసెన్సు దానికి పనికిరాదు. మీ బావకు అక్కడి చట్టం, మీకు ఇక్కడిది. గడ్చిరోలి, మల్కన్‌గిరి వైపు ఇంట్లో తుపాకీమందూ, దాన్ని అంటించే క్యాపులూ దొరికితే మీ వివరణ వినే ఓపిక ఎవరికీ ఉండదు. భద్రావతిలోని చాందా ఆయుధ కర్మాగారంలో మందు నింపిన పెద్దలు మా వీధిలో ఉన్నారు. ఇంట్లో నింపుతామంటే వాళ్లే ముందు తిడతారు.

బరంపురం_పదిమీటర్లు: అడిగానంతే, నింపను. దీపం మాట ఎవరైనా చెబుతారా?

పర్లాకిమిడి_పాతకాపు: రాయగడ తమ్ముడూ, ఆదివారం బరంపురం రా. నువ్వు తూచినవి, నేను తూచనివి. ఒకే రైఫిల్.

రాయగడ_గురి: ఆదివారం మా మేనకోడలి పెళ్లి. పై వారం వస్తాను. రైఫిల్ నాదే.

పర్లాకిమిడి_పాతకాపు: నీదైతే నేను రాను.