మెడ ఆపరేషన్ అయ్యాక వేళ్ల పట్టు ఎప్పటికి వస్తుంది?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. మెడలో వెన్నుపాము నొక్కుకుపోతోందని ఏడు వారాల క్రితం ముందువైపు నుంచి రెండు డిస్కులు తీసి ప్లేటు బిగించారు. చేతిలోకి పాకే నొప్పి వారంలోనే తగ్గింది గాని, చొక్కా గుండీలు ఇప్పటికీ అమ్మే పెడుతోంది. కోలుకోవడం దేనిమీద ఆధారపడి ఉంటుందో వివరించగలరు.

జవాబు: చేతిలోకి వెళ్లే నరం నలిగితే వచ్చే నొప్పి త్వరగా పోతుంది, వెన్నుపాముకే దెబ్బ తగిలితే వేళ్ల నేర్పు, నడకలో నిలకడ తిరిగి రావడానికి నెలలు పడుతుంది, కొంత రాకపోనూవచ్చు. ఆపరేషన్ ముఖ్యోద్దేశం నష్టం ముదరకుండా ఆపడం. నా ఉద్దేశంలో, లక్షణాలు మొదలైన ఎన్నాళ్లకు ఆపరేషన్ జరిగింది, అప్పటికి బలహీనత ఎంత ముదిరింది అన్నవే అన్నిటికన్నా ముఖ్యం. వయసు ఆ తర్వాతి మాట.

మరొక జవాబు: పొగతాగే అలవాటుందా? పొగాకులోని నికోటిన్, డిస్కులు తీసిన చోట ఎముక అతుక్కోవడాన్ని మందగింపజేస్తుంది, షుగరు అదుపు తప్పితే గాయానికి చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది.

అడిగినవారు: షుగరు ఉంది. చుట్ట మానేశానంటారు గాని, పెరటివైపు వెళ్లివచ్చినప్పుడల్లా వాసన వస్తూనే ఉంది.

మొదటి జవాబిచ్చినవారు: అయితే ఆ సంగతి దాచకుండా సర్జన్‌కు చెప్పండి. గుండీలు పెట్టడం, చిల్లర ఏరడం వంటి సాధన ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు రోజూ చేయించండి. చేతులు గాని కాళ్లు గాని కొత్తగా బలహీనపడినా, మూత్రం ఆగిపోయినా తదుపరి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.