ఇన్‌స్టాలర్‌లో బయటి లైబ్రరీలను ఎక్కడ పెట్టాలి, ఎవరు తొలగించాలి?

ప్రశ్న

నమస్కారం. సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ఒక 64 బిట్ విండోస్ ప్రోగ్రామ్‌కు ఇన్నో సెటప్‌తో ఇన్‌స్టాలర్ తయారు చేస్తున్నాను. దానికి మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ (ఆ భాషలో రాసిన ప్రోగ్రామ్‌లు నడవడానికి కావలసిన ఉమ్మడి ఫైళ్లు), ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) కావాలి. నా కంప్యూటర్‌లో అంతా సవ్యంగానే నడుస్తోంది కానీ, కొత్త కంప్యూటర్‌లో మాత్రం ‘వీసీరన్‌టైమ్140.డీఎల్‌ఎల్’ లేదన్న సందేశం వస్తోంది. డీఎల్‌ఎల్‌లన్నిటినీ (లైబ్రరీ ఫైళ్లను) విండోస్ సొంత ఫైళ్లుండే సిస్టమ్32 ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే సరిపోతుందని ఒక మిత్రుడు చెప్పాడు, నాకు ధైర్యం చాలడం లేదు. అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వాటిని నేనే తొలగించాలా అన్నది కూడా తెలియజేయగలరు.

మొదటి సమాధానం

మీ సందేహం సరైనదే, సిస్టమ్32 జోలికి వెళ్లకండి. అది అన్ని ప్రోగ్రామ్‌లకూ ఉమ్మడి స్థలం కాబట్టి, మీరు పెట్టిన పాత ఫైలు అక్కడున్న కొత్త ఫైలును చెరిపేస్తే, మీకు సంబంధమే లేని మరో ప్రోగ్రామ్ ఆగిపోతుంది. పైగా 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ఇన్‌స్టాలర్ సిస్టమ్32కు కాపీ చేయబోతే, విండోస్ ఆ ఫైలును చడీచప్పుడు లేకుండా సిస్‌వావ్64కు మళ్లిస్తుంది. (పేరులో 64 ఉన్నా అందులో ఉండేవి 32 బిట్ ఫైళ్లు, ఈ తిరకాసుకు చాలామంది బలయ్యారు.)

రన్‌టైమ్ కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చే రీడిస్ట్రిబ్యూటబుల్‌ను (రన్‌టైమ్‌ను ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీని) మీ ఇన్‌స్టాలర్‌లోనే చేర్చి, ‘క్వయిట్’, ‘నోరీస్టార్ట్’ స్విచ్‌లతో (ఏమీ అడగకుండా, రీస్టార్ట్ చేయకుండా ఉండేలా) నడపండి. విజువల్ స్టూడియో 2015 నుంచి 2022 వరకు వచ్చిన వాటన్నిటికీ ఒకే రన్‌టైమ్ సరిపోతుంది. అయితే అది మీరు వాడిన కంపైలర్ కంటే పాతది కాకూడదు. రీడిస్ట్రిబ్యూటబుల్ తిరిగి ఇచ్చే కోడ్ సున్నా కాకపోతే విఫలమైనట్టేనని అనుకోవడం చాలా ఇన్‌స్టాలర్‌లలో కనిపించే పొరపాటు. 3010 వస్తే పని పూర్తయింది, రీస్టార్ట్ మాత్రం కావాలని అర్థం. 1638 వస్తే అంతకన్నా కొత్తది ముందే ఉందని అర్థం.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఫైళ్లను మాత్రం మీ ఎగ్జిక్యూటబుల్ (ప్రోగ్రామ్‌ను నడిపే ఫైలు) పక్కనే ఉంచండి. విండోస్ మామూలుగా సిస్టమ్ ఫోల్డర్ కన్నా ముందు అక్కడే వెతుకుతుంది.

రెండవ సమాధానం

పై సలహాతో ఏకీభవిస్తున్నాను, ఒక్క విషయంలో తప్ప. రీడిస్ట్రిబ్యూటబుల్‌కు అడ్మినిస్ట్రేటర్ అనుమతి అవసరం. మీ వినియోగదారులకు ఆ అనుమతి ఉండదనుకుంటే, రన్‌టైమ్ డీఎల్‌ఎల్‌లను కూడా ప్రోగ్రామ్ ఫోల్డర్‌లోనే పెట్టే పద్ధతిని మైక్రోసాఫ్ట్ అనుమతిస్తోంది. అయితే అలా పెట్టిన కాపీలకు విండోస్ అప్‌డేట్ నుంచి భద్రతా సవరణలు అందవు. ఆ బాధ్యత పూర్తిగా మీ మీదే పడుతుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ విషయంలో ఆ బాధ్యత ఎలాగూ తప్పదు: 1.1.1 శ్రేణికి ఉచిత మద్దతు 2023 సెప్టెంబర్‌లోనే ముగిసింది కాబట్టి, మీరు ఇంకా దానిమీదే ఉంటే ఇన్‌స్టాలర్ సంగతి తర్వాత, ముందు 3 శ్రేణికి మారండి.

పేరు చివర ‘డీ’ ఉండే డీబగ్ డీఎల్‌ఎల్‌లను (తయారీ దశలో తప్పులు వెతకడానికి వాడేవాటిని) పంపిణీ చేయడానికి లైసెన్సు ఒప్పుకోదని కూడా గమనించగలరు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే చేసి, ఏమీ లేని వర్చువల్ మెషీన్‌లో పరీక్షించాను. మొదటి సందేశం పోయింది కానీ, ‘అప్లికేషన్ సరిగా ప్రారంభం కాలేకపోయింది’ అన్న మరో సందేశం వచ్చింది. వెతగ్గా వెతగ్గా, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 32 బిట్ ఫైలును నేనే పొరపాటున చేర్చినట్టు తేలింది. దాన్ని మార్చాక ప్రోగ్రామ్ నడుస్తోంది. ఇక మిగిలింది అన్‌ఇన్‌స్టాల్ సంగతే.

మొదటి సమాధానం రాసినవారు

మీ ఫోల్డర్‌లో మీరు పెట్టిన ఫైళ్లను మీ అన్‌ఇన్‌స్టాలరే తొలగించాలి. రన్‌టైమ్‌ను మాత్రం ముట్టుకోకండి. మీ తర్వాత వచ్చిన ప్రోగ్రామ్ ఏదైనా అది ముందే ఉందని చూసి, తన కాపీని ఇన్‌స్టాల్ చేయకుండా దాని మీదే ఆధారపడి ఉండవచ్చు, ఆ సంగతి మీ అన్‌ఇన్‌స్టాలర్‌కు తెలిసే మార్గం లేదు.