లావెండర్ పూలు వేటివేటికి పనికొస్తాయి? వాడినవాళ్లు చెప్పండి

కుండీతోట:
మా కుండీలో లావెండర్ ఈసారి గుత్తులు గుత్తులుగా పూసింది. వాసన చూసి మురిసిపోవడం తప్ప ఏం చేయాలో తెలియడం లేదు. టీలో వేసుకోమని ఒకరు, బీరువాలో పెట్టమని ఒకరు, నూనె రాసుకోమని ఇంకొకరు అంటున్నారు. సొంతంగా వాడి చూసినవాళ్లు చెప్తే బాగుంటుంది.

ఎండుపూలు:
ఏం చేసినా ముందు సరిగ్గా కోయాలండి. కంకి మొత్తం విచ్చుకునేదాకా ఆగొద్దు. మొదటి రెండు మూడు పూలు విప్పారగానే, మంచు తడి ఆరాక పొద్దున్నే కాడతో సహా కోసేయండి. చిన్న కట్టలు కట్టి, ఎండ పడని, గాలి ఆడే చోట తలకిందులుగా వేలాడదీయండి. ఎండలో పెడితే రంగూ పోతుంది, వాసనా పోతుంది. చేత్తో నలిపితే మొగ్గలు గలగలా రాలాలి. అప్పుడు గాజు సీసాలో పోసి మూత పెట్టి, వెలుతురు తగలకుండా దాచుకుంటే చాలాకాలం నిలవుంటాయి.

కోసేటప్పుడు ఆకులున్న మెత్తటి కొమ్మ వరకే కోయండి. కింద చెక్కలా ముదిరిన భాగంలోకి కత్తిరిస్తే అక్కణ్ణుంచి మళ్లీ చిగురు రావడం కష్టం.

వంటింటి_పైత్యం:
తినడానికైతే ముందు మీది ఏ రకమో చూసుకోండి. లావెండర్లు అన్నీ ఒకటి కావు. వంటకి పనికొచ్చేది అంగుస్టిఫోలియా అనే రకం, దాని వాసన తియ్యగా ఉంటుంది. లావెండిన్ అనే సంకరజాతి పెద్దగా, దిట్టంగా పెరుగుతుంది, నూనె కూడా ఎక్కువ ఇస్తుంది. కానీ కర్పూరం ఘాటు ఉంటుంది కాబట్టి సబ్బులకీ, బట్టల మధ్య పెట్టే ఎండుపూల సంచులకీ బాగు. కంకి కొసన కుందేలు చెవుల్లా రేకులు నిలబడి ఉంటే అది స్టీకస్, దాన్ని వంటింట్లోకి రానివ్వకండి.

నేను చేసేది ఒక్కటే. చక్కెర డబ్బాలో చెంచాడు ఎండు మొగ్గలు కలిపి వారం ఉంచి, జల్లించి ఆ చక్కెరతో బిస్కెట్లు చేస్తాను. చెయ్యి కాస్త జారితే మాత్రం సబ్బు తిన్నట్టే ఉంటుంది! అలంకరణకు అమ్మే పూలమీద మందులు కొట్టి ఉండొచ్చు, వాటిని తినకండి.

నిద్రలేమి:
దిండు పక్కన లావెండర్ పూల చిన్న సంచి పెట్టుకుంటాను. అది నిద్ర పట్టించిందని చెప్పను గానీ, పడుకునే ముందు ఫోన్ పక్కన పెట్టి నాలుగుసార్లు గట్టిగా ఊపిరి పీల్చుకోవడం అలవాటైంది. టెన్షన్ కాస్త తగ్గుతుంది. కాలిన గాయం మీద నూనె చుక్క వేస్తే మాయమవుతుందట కదా, ఎవరైనా వాడారా?

నూనెచుక్క:
ఆ మాట ఫ్రాన్స్‌కి చెందిన గాట్‌ఫొస్సే అనే రసాయన శాస్త్రవేత్త కథ నుంచి పుట్టింది. 1910లో ప్రయోగశాల ప్రమాదంలో చేతులు కాలాయి, వెంటనే లావెండర్ నూనెలో ముంచాడని చెప్పుకుంటారు. ఆయన 1937లో అచ్చువేసిన పుస్తకంలో రాసింది వేరు: గడ్డిలో పొర్లి మంట ఆర్పుకున్నాడు, తర్వాత గాయాలు కుళ్లడం మొదలైతే అప్పుడు లావెండర్‌తో కడిగాడు. కాలితే మొదట చేయాల్సింది కుళాయి నీళ్ల కింద ఇరవై నిమిషాలు పెట్టడమే. ఏ నూనే రాయొద్దు.

ఒంటికి రాసుకోవాలంటే 30 మిల్లీలీటర్ల బాదం నూనెలో పది పన్నెండు చుక్కల లావెండర్ నూనె చాలు. లావెండర్ నూనెలో ఉండే లినలూల్ అనే వాసన పదార్థం గాలి తగిలి పాతబడితే చర్మానికి అలర్జీ తెస్తుంది, అందుకే ఏళ్లనాటి సీసా పారేయండి. తాగడం అసలే వద్దు. జర్మనీలో ఆందోళనకు 80 మిల్లీగ్రాముల లావెండర్ నూనె క్యాప్సూల్స్ మందుగా అమ్ముతారు నిజమే, కానీ అది కొలతపెట్టి తయారుచేసిన మందు. మన చేతిలోని సీసాకి దానికీ పోలిక లేదు. ఇంట్లో పిల్లి ఉంటే నూనె వాసనను గదిలో వెదజల్లే డిఫ్యూజర్ కూడా మానుకోండి, ఈ నూనెలు దాని కాలేయానికి సరిగ్గా అరగవు.

ఎండుపూలు:
బీరువా సంగతి మర్చిపోయాం. బట్టలు కొరికే చిమ్మట పురుగులు వాసనకి దూరంగా ఉంటాయేమో గానీ, ఇప్పటికే గుడ్లు పెట్టి ఉంటే లావెండర్ వాటిని చంపదు. ముందు బట్టలు ఉతికి, బాగా ఆరబెట్టి, ఆ తర్వాతే సంచులు పెట్టండి. వాసన తగ్గినప్పుడల్లా సంచిని చేత్తో పిసికితే మళ్లీ వస్తుంది.

కుండీతోట:
అందరికీ థాంక్సండి. ఇప్పుడే వెళ్లి చూశాను, మా మొక్క ఆకుల అంచులు రంపం పళ్లలా ఉన్నాయి. ఇది ఏ రకం?

వంటింటి_పైత్యం:
డెంటాటా అనే రకం అయ్యుంటుందండి. అంగుస్టిఫోలియా ఆకు అంచు నున్నగా ఉంటుంది. డెంటాటాలో కర్పూరం ఘాటు ఎక్కువ, టీకి రుచి కుదరదు. బట్టల సంచులు కుట్టుకోండి, పలచటి నూలు గుడ్డ అయితే వాసన బాగా బయటికొస్తుంది.