రీసెర్చ్ సంస్థల్లో ఫీల్డ్ నుంచి అనాలిసిస్ వైపు మారినవాళ్లు ఉన్నారా?

నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. స్టాటిస్టిక్స్‌తో డిగ్రీ చేసి, ఒక రీసెర్చ్ సంస్థలో ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. గుణుపూర్, కాశీపూర్ వైపు ఇంటింటి సర్వేలు.

పని నాకు ప్రాణం. ట్యాబ్‌లో ప్రశ్న ఒడియాలో ఉంటుంది. ఎదురుగా ఉన్న అవ్వకి కువి (ఇక్కడి కోంధుల భాష) తప్ప రాదు. ఊళ్లో చదువుకున్న అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, అర్థం చెడకుండా అడిగించి, జవాబు నొక్కేసరికి పొద్దు గడిచిపోతుంది. ఫలానా ప్రశ్న ఇక్కడివాళ్లకు అర్థం కావట్లేదని ఆఫీసుకి రాస్తే, "ముందు టార్గెట్ పూర్తి చెయ్యండి" అన్నారు. అది చాలా బాధనిపించింది. తప్పుడు జవాబుతో రిపోర్టు రాసి ఎవరికి లాభం?

పైగా ప్రాజెక్టుతోపాటే కాంట్రాక్టూ అయిపోతుంది. మళ్లీ పిలిచేదాకా టెన్షనే. జీతం పెరగదు, హోదా మారదు.

ఉద్యోగం చేస్తూ ఎస్‌పీఎస్‌ఎస్, ఆర్ లాంటి డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్లు నేర్చుకుంటే సరిపోతుందా? లేక ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్‌లో పీజీ చెయ్యాలా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూసేది ఆ సంస్థే కాబట్టి అటు మనసు లాగుతోంది. విశాఖ, హైదరాబాద్ సంస్థల్లో మా ఫీల్డ్ అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటారా? అక్కడ కింది ఉద్యోగి మాట వింటారా? చేరకముందే ఆ సంగతి ఎలా తెలుసుకోవాలి?

అక్కలెవరైనా ఈ దారిలో వెళ్లి ఉంటే తప్పకుండా చెప్పండి. మా ఇంట్లో సంబంధాలు చూస్తూ, ఊళ్లు తిరిగే ఉద్యోగం మానెయ్యమంటున్నారు. నాకు మాత్రం ఈ రంగం వదలాలని లేదు.